వార్షిక నివేదిక: లేలాండ్ నేషనల్‌తో ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగువాళ్లం, పాత బస్సుల మీద మక్కువతో నడుపుకుంటున్న సంఘం ఇది. ఏటా ఒక బండిని ఎంచుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం మన ఆనవాయితీ. ఉగాది విందు, పిల్లల చిత్రలేఖన పోటీ యథాప్రకారం జరిగాయి. లెక్కల తనిఖీ పూర్తయింది, చూడదలచినవారు కోశాధికారిని అడగవచ్చు. మిగతా నివేదికంతా ఈ ఏడాది మనం ఎంచుకున్న బండి, బ్రిటన్‌లో లేలాండ్ కంపెనీ తయారుచేసిన నేషనల్ బస్సు గురించే.

నేషనల్‌కు ముందు బ్రిటన్‌లో చాలావరకు ఛాసిస్ (ఇంజన్, చక్రాలు బిగించే కింది చట్రం) ఒకరిది, బాడీ మరొకరిది. మన ఆర్టీసీ అశోక్ లేలాండ్ ఛాసిస్ కొని, సొంత వర్క్‌షాపులో బాడీ కట్టుకోవడం సభ్యుల్లో చాలామంది ఎరిగినదే. నేషనల్‌కు విడిగా ఛాసిస్ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. 1969 జనవరి 1న ఏర్పడిన ప్రభుత్వ బస్సు సంస్థ నేషనల్ బస్ కంపెనీకి కండక్టర్ అక్కర్లేని, డ్రైవరే టికెట్ ఇచ్చే బండ్లు పెద్ద సంఖ్యలో కావలసి వచ్చాయి. అలాంటి కొత్త బస్సుల ఖరీదులో ప్రభుత్వం మొదట పావు వంతు, 1971 నుంచి సగం భరించింది. ఆ ధైర్యంతోనే లేలాండ్, నేషనల్ బస్ కంపెనీ కలిసి వాయవ్య ఇంగ్లండ్‌లోని వర్కింగ్టన్ దగ్గర లిల్లీహాల్‌లో ఫ్యాక్టరీ కట్టాయి. 1970లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో బండిని చూపించి, 1972 నుంచి డిపోలకు పంపారు. ఆకృతి దిద్దడంలో ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొత్తి చెయ్యి ఉంది.

వేసవిలో మ్యూజియం యాత్రకు వెళ్లినప్పుడు అందరం ఎక్కువసేపు నిలబడింది బండి పక్క రేకుల దగ్గర. వరసగా రేకులను బిగించిన అవ్‌డెల్ రివెట్లు, ఒకే కొలతతో మళ్లీ మళ్లీ వచ్చే కిటికీ భాగాలు. పొడవు 10.3 మీటర్లయినా 11.3 మీటర్లయినా తేడా ఆ భాగాల సంఖ్యలోనే. ఒక రేకు నలిగితే దాన్ని ఊడదీసి కొత్తది బిగిస్తే సరి. మొదటి బండ్లకు వెనకవైపు పైకప్పు మీద ఓ పెద్ద పెట్టె ఉంటుంది, అది హీటర్. వేడిగాలి పైనుంచే వచ్చేది కాబట్టి చలికాలంలో కాళ్లు చల్లగానే ఉండేవి. తర్వాతి బండ్లలో ఆ పెట్టె తీసేశారు.

ఇంజన్ విషయంలో మాత్రం నాకు లేలాండ్ మీద కోపమే. 510 రకం ఇంజన్‌లో సిలిండర్ బ్లాకు, హెడ్డు ఒకే పోతగా ఉంటాయి. ఆ రెండింటి మధ్య వేసే గాస్కెట్ ఊడే బాధ లేదు నిజమే, కానీ వాల్వుల పని పడితే మెకానిక్ కింది నుంచి మొత్తం విప్పుకుంటూ రావాలి. పొగ, రొద సరేసరి. బస్సులు నడిపే కొన్ని కంపెనీలు దాన్ని పీకేసి వేరే తయారీదారుల గార్డ్‌నర్, డాఫ్ ఇంజన్లు పెట్టుకున్నాయి. 1979లో వచ్చిన నేషనల్ 2లో లేలాండ్ కూడా 680 ఇంజన్‌కు మారి, రేడియేటర్‌ను ముందుకు జరిపింది. అప్పటికే ఆలస్యమైంది. కొనేవాడికి ఎంచుకునే వీలు తీసేసిన కంపెనీ, తానిచ్చే ఆ ఒక్కదాన్నైనా సరిగ్గా ఇచ్చి ఉండాల్సింది.

అయినా 1985లో తయారీ ఆగేనాటికి 7,000కు పైగా బండ్లు రోడ్డెక్కాయి. లండన్ చుట్టుపక్కల బస్సులు నడిపిన లండన్ కంట్రీ కంపెనీ ఒక్కదాని దగ్గరే 500కు పైగా ఉండేవి. బాడీ గట్టిదనం ఇంజన్ పేరును దాటిపోయింది. 1990లలో బ్లాక్‌బర్న్‌లోని బస్సు బాడీల కంపెనీ ఈస్ట్ లాంక్స్ పాత నేషనళ్లను అస్థిపంజరం దాకా విప్పి, కొత్త రేకులు తొడిగి గ్రీన్‌వే పేరుతో మళ్లీ నడిపించింది. ఇదే బాడీ భాగాలతో పట్టాల మీద పేసర్ రైళ్లూ వచ్చాయి. వాటిలో 142 తరగతివి 2020 దాకా ఉత్తర ఇంగ్లండ్‌లో తిరిగాయి. వాటిలో ప్రయాణించిన సభ్యులు ఆ కుదుపు మరచిపోయి ఉండరు!

వచ్చే ఏడాదికి కార్యవర్గం ఒక పని నిర్ణయించింది: నేషనల్ నడిపిన డ్రైవర్లు, దాని కింద పడుకుని పనిచేసిన మెకానిక్‌ల మాటలను రికార్డు చేసి, తెలుగులో రాసి పెట్టడం. వాళ్లలో చాలామంది ఇప్పుడు వయసు మీద పడినవారే. మీ వీధిలో, మీ పాత డిపోలో అలాంటివారు ఎవరున్నా కార్యదర్శికి వెంటనే తెలియజేయండి.

— కార్యదర్శి, కార్యవర్గం తరఫున