నీ డిపార్ట్‌మెంట్ కవి ఒకాయన

ఒరేయ్ శ్రీనూ,

ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చునేవాడికి కవిత్వం ఎక్కణ్ణించి వస్తుందిరా అని రాశావు కదా. నీ క్లెయిముల టెన్షన్ నాకు తెలుసులే. అయినా నీ డిపార్ట్‌మెంట్ మనిషినే ఒకణ్ణి చూపిస్తా: అమెరికన్ కవి వాలెస్ స్టీవెన్స్.

1879లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. హార్వర్డ్‌లో మూడేళ్ళు చదివి, డిగ్రీ లేకుండానే బయటికొచ్చి, తర్వాత లా చదివాడు. 1916లో హార్ట్‌ఫర్డ్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలో చేరాడు. శ్యూరిటీ బాండ్ల క్లెయిములు చూసేవాడు. అంటే కాంట్రాక్టరు పని మధ్యలో వదిలేసిపోతే ఎవరికెంత కట్టాలో తేల్చడం. 1934కల్లా వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు.

మొదటి పుస్తకం 'హార్మోనియం' 1923లో వచ్చింది, నలభై దాటాక! 1924 మొదటి ఆర్నెల్లకి రాయల్టీ 6 డాలర్ల 70 సెంట్లు. ఈ డబ్బుతో ఓడ మాట్లాడుకుని స్నేహితులందర్నీ ప్రపంచం తిప్పాలి అని జోకేస్తూ ఉత్తరం రాశాడు. ఆ ఏడే కూతురు పుట్టింది. తర్వాత కొన్నేళ్ళు దాదాపు ఏమీ రాయలేదు. రెండో పుస్తకం 1935లో గానీ రాలేదు. నువ్వేమో కాస్త గ్యాప్ వస్తే చాలు, నా పని అయిపోయిందంటావు.

కారు నడపడం ఆయనకి రాదు. ఆఫీసు రెండు మైళ్ళ పైనే, రోజూ నడకే. దారిలో అడుగుల లయకి లైన్లు కట్టుకుని, ఆఫీసుకెళ్ళాక సెక్రటరీ చేత టైపు చేయించేవాడు. ఇప్పుడా దారిలో 13 గ్రానైట్ రాళ్ళు పెట్టి, 'నల్లపిట్టని చూసే పదమూడు తీర్లు' అనే ఆయన పద్యంలోని 13 ముక్కలూ చెక్కించారు. నువ్వు దాంతోనే మొదలుపెట్టు. ఇరవై మంచు కొండలు, వాటి మధ్య కదిలేది పిట్ట కన్ను ఒక్కటే. అంత పెద్ద దృశ్యాన్ని అంత చిన్న చుక్క దగ్గరికి ఒక్క ఊపులో తెస్తాడు చూడు, నాకు ఒళ్ళు జలదరించింది. ఇంకో ముక్కలో పిట్ట కనపడదు, కిటికీ మంచు మీద నీడ మాత్రం అటూ ఇటూ తిరుగుతుంది. భావం ఏమిటని తలబద్దలు కొట్టుకోకు, ముందు చూడు.

మరీ బుద్ధిమంతుడనుకోకు. 1936లో ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో తాగి, నవలాకారుడు హెమింగ్వే మీదికి వెళ్ళాడు. అవతలివాడు ఇరవై ఏళ్ళు చిన్న. దవడ మీద గుద్దితే విరిగింది ఈయన చెయ్యే! మెట్ల మీంచి పడ్డానని చెప్పుకుంటా, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడట. ఇదంతా నవ్వుకోవచ్చు గానీ, నల్లజాతివాళ్ళ గురించి ఆయన వాడిన కొన్ని మాటలు మాత్రం నేను భరించలేను. భార్య ఎల్సీతో సంసారమూ ఏళ్ళ తరబడి ముభావంగానే నడిచింది.

చివర్లో హార్వర్డ్ వాళ్ళు పెద్ద గౌరవపీఠం ఇస్తామంటే, ఉద్యోగం వదలాల్సొస్తుందేమోనని వద్దన్నాడు. అప్పటికి డెబ్బై అయిదేళ్ళు! 1955లో పులిట్జర్ బహుమతి వచ్చింది, ఆ ఆగస్టులోనే పోయాడు.

పుస్తకం పోస్టులో పంపిస్తున్నా. పెన్సిల్ గీతలు నావే, తిట్టుకోకు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాజు