బావా, ఫోటో తీసేయమనే ముందు డబ్బులు అడుగు

ఒరేయ్ బావా,

నీ రాజహంసల ఫోటోని ఒక టూర్ కంపెనీవాళ్లు అడక్కుండా వాడుకున్నారన్న నీ మెసేజ్ రాత్రి చూశాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నీ కోపం, నా కోపం కలిస్తే అసలు పని పక్కకు పోతుంది. పైగా ఇందులో నువ్వు మళ్లీ మళ్లీ చూసుకోవాల్సిన సంగతులు చాలా ఉన్నాయి. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

వాళ్ల పోస్టు కింద ఇంకా కామెంట్ ఏమీ పెట్టలేదుగా? పెట్టకు. మన ఫోటోగ్రాఫర్ల గ్రూపులో కూడా ఆ లింకు వెయ్యకు. నలుగురూ వెళ్లి తిట్టారంటే గంటలో ఆ పేజీ మాయమవుతుంది, దాంతోపాటు నీ సాక్ష్యమూ పోతుంది. కోపం ఎక్కడికీ పోదు, రెండు రోజులు ఆగినా అలాగే ఉంటుంది. పేజీ ఉండదు.

వాళ్లు పెట్టింది చూశాను. పులికాట్ సరస్సులో అటకానితిప్ప దగ్గర తీసిన ఫోటోనే కదా అది, లోతు లేని నీళ్లలో రాజహంసలన్నీ తలలు కిందికి వంచి మేస్తున్నది? నీ పేరున్న మూలను కత్తిరించారు. బొమ్మను అద్దంలో చూసినట్టు అటుదిటు తిప్పారు. మధ్యలో వాళ్ల టూర్ కంపెనీ లోగో వేసుకున్నారు. ఇవన్నీ ఒక ఎత్తు, కింద రాసిన మాట ఒక ఎత్తు: పడవలో తీసుకెళ్లి చేతికందేంత దగ్గరగా చూపిస్తారట! నాకు కడుపు మండింది అక్కడే. మనిషి దగ్గరికెళ్తే గుంపంతా మేత వదిలేసి లేచిపోతుందనే కదా నువ్వు అంత పొడవు లెన్స్ మోసుకెళ్లి గట్టుమీదే కూర్చునేది. చలికాలంలో అంతదూరం నుంచి మేతకోసం వచ్చిన పక్షుల్ని లేపకూడదని పట్టుబట్టే మనిషి ఫోటోతోనే, వాటి మీదికి పడవలు తోలే టూరుకు టికెట్లు అమ్ముతున్నారు. ఇది డబ్బుల సంగతి ఒక్కటే కాదు. నువ్వు రాసే లెటర్‌లో ఈ ముక్క కూడా ఉండాలి, ఎలా పెట్టాలో తర్వాత చెప్తాను.

ఇప్పుడు సాక్ష్యం సంగతి. స్క్రీన్‌షాట్ తియ్యి, కానీ ఫోన్‌లో సగం సగం కాదు. కంప్యూటర్లో పేజీ అడ్రసు, తేదీ, టైము, ధరలు, వాళ్ల ఫోన్ నంబరు అన్నీ కనపడేలా మొత్తం పేజీ తియ్యి. వెబ్‌సైట్ తెరిచిన దగ్గర్నుంచి ఆ ఫోటో దాకా స్క్రోల్ చేస్తూ ఒక స్క్రీన్ రికార్డింగ్ కూడా చెయ్యి. వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ అడ్రసు ఇచ్చి సేవ్ చేయించు. రేపు వాళ్లు తీసేసినా, ఫలానా రోజున అది అక్కడ ఉందని మూడో మనిషి దగ్గర కాపీ ఉంటుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టా పోస్టులు అందులో సరిగా సేవ్ అవవు, వాటికి రికార్డింగే గతి. తర్వాత ఫోటోతోనే ఫోటో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో, టిన్‌ఐలో వెతుకు. ఒరిజినల్‌తో ఒకసారి, అటుదిటు తిప్పి ఒకసారి, కత్తిరించి ఒకసారి. ఒకచోట దొంగిలించినవాడు బ్రోషర్‌లోనూ, ఇంకో సైట్‌లోనూ వాడి ఉంటాడు.

నీ రా ఫైల్, అంటే కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైల్, భద్రంగా ఉందా? దాన్ని తెరిచి మళ్లీ సేవ్ చెయ్యకు, కాపీ చేసి రెండు చోట్ల పెట్టు. ఆ రోజు దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములు కూడా ఉంచు. ఒక్క ఫోటో ఎవడి దగ్గరైనా ఉండొచ్చు, వరసగా నలభై ఫ్రేములు తీసినవాడి దగ్గరే ఉంటాయి. వ్యవహారం కోర్టుదాకా వెళ్తే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైళ్ల హాష్ విలువ (ఫైలు మారలేదని తేల్చే, వేలిముద్ర లాంటి అంకె) కూడా రాయాలి. అది లాయర్ చూసుకుంటాడు. నువ్వు మాత్రం ఫైళ్లను ముట్టుకోకుండా ఉంచితే చాలు.

"నేను రిజిస్టర్ చేయించలేదు కదా, నాకు హక్కు ఉందా" అని అడిగావు. ఉంది. 1957 కాపీరైట్ చట్టంలో ఫోటో అంటే కళాకృతి. తీసినవాడే దాని కర్త. నువ్వు నొక్కిన క్షణం నుంచీ హక్కు నీదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 500 రూపాయల ఫీజుతో చేయించుకోవచ్చు, కోర్టులో అది ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. ఇంకో సంగతి, ఒకప్పుడు ఫోటోకి అచ్చయిన దగ్గర్నుంచి 60 ఏళ్లే రక్షణ ఉండేది. 2012 సవరణతో అది మారింది. ఇప్పుడు కథలు రాసేవాళ్లకు ఉన్నట్టే మనకూ బతికున్నన్నాళ్లు, ఆ తర్వాత మరో 60 ఏళ్లు. నీ మనవలు కూడా ఆ రాజహంసల మీద రాయల్టీ అడగొచ్చు. నాకు ఈ సవరణ అంటే ఎంత గౌరవమో చెప్పలేను. మీట నొక్కడం కూడా ఒక రచనే అని ఒప్పుకున్న చట్టం అది.

అయితే నువ్వు ఆవేశంలో కలిపేసిన విషయం ఒకటుంది. మీ పక్క ఊరి స్టూడియోవాళ్లు నీ ప్రీ వెడ్డింగ్ ఫోటోల్ని తమ పనేనని పేజీలో పెట్టుకున్నారని రాశావు కదా. అది వేరే కేసు, దీనితో కలపకు. చట్టం 17వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. డబ్బులిచ్చి ఒకరు తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అంటే పెళ్లి ఫోటోలకు సొంతదారు పెళ్లివారు, మనం కాదు! మన ఊళ్లలో పెళ్లి ఆర్డర్లు చేసేవాళ్లలో చాలామందికి ఈ మాట చెప్తే నమ్మరు. కాబట్టి ఆ స్టూడియో మీద హక్కుదారుగా నువ్వు నేరుగా నోటీసు పంపలేవు. ఆ జంటతో మాట్లాడు. వాళ్లకైతే ఇంకా ఎక్కువ మండుతుంది, తమ మొహాలతో ఎవరో వ్యాపారం చేస్తున్నారు మరి. వాళ్లు ఫిర్యాదు చెయ్యొచ్చు, లేదా హక్కు నీకు రాసివ్వొచ్చు. ఒక్కటి మాత్రం నీ దగ్గరే ఉంటుంది. 57వ సెక్షన్ ప్రకారం, ఆస్తి హక్కు ఎవరిదైనా, "ఇది నేను తీశాను" అని చెప్పుకునే హక్కు తీసినవాడిదే. వాళ్లు తమ పేరు వేసుకున్నారు కాబట్టి అక్కడ నీ మాట చెల్లుతుంది. ఇకమీదట మాత్రం బుకింగ్ ఫారంలో అడ్వాన్స్ వివరాల కిందే రెండు వాక్యాలు చేర్చు: ఫోటోల కాపీరైట్ ఫోటోగ్రాఫర్‌ది, కుటుంబం తన సొంతానికి ఎంతైనా వాడుకోవచ్చు, వాళ్ల అనుమతితోనే స్టూడియో ప్రచారానికి వాడుతుంది అని. సంతకం తీసుకో.

మళ్లీ రాజహంసల దగ్గరికి వద్దాం. నువ్వు వాళ్లకి ఫోన్ చేసినప్పుడు "గూగుల్‌లో దొరికింది, కావాలంటే మీ పేరు వేస్తాం" అన్నారట. అందరూ అదే అంటారు. పేరు వెయ్యడం మర్యాద, అనుమతి తీసుకోవడం అవసరం. మొదటిది చేస్తే రెండోది మాఫీ కాదు. ఇంటర్నెట్‌లో కనపడిందంటే అందరిదీ అనుకోవడం పెద్ద పెద్ద సంస్థలకే తప్పలేదు. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు డానియల్ మొరెల్ అనే ఫోటోగ్రాఫర్ అక్కడే ఉన్నాడు. తీసిన ఫోటోలు ట్విటర్‌కు జోడించి పెట్టాడు. ఎవరో వాటిని తనవే అన్నట్టు మళ్లీ పెట్టారు, ఏఎఫ్‌పీ వార్తాసంస్థ అక్కణ్ణుంచి తీసుకుంది, ఫోటోలు అమ్మే గెట్టీ సంస్థ ద్వారా ప్రపంచమంతా వెళ్లాయి. ట్విటర్‌లో పెట్టావు కాబట్టి మేం వాడుకోవచ్చు అని వాదించారు. న్యూయార్క్ కోర్టు ఒప్పుకోలేదు. 2013 నవంబర్‌లో జ్యూరీ అతనికి 12 లక్షల డాలర్లు ఇవ్వమంది. మనకు డాలర్లు రావులే గానీ, "ఆన్‌లైన్‌లో పెట్టావుగా" అనే వాదన ఎంత పెద్దవాళ్లు చేసినా నిలవలేదని గుర్తుపెట్టుకో.

అలాగని అందరి మీదా ఒకేలా పడకూడదు. ఒక స్కూలు పిల్ల చార్టు కోసం నీ ఫోటో ప్రింటు తీసుకుంటే నాకు సంతోషమే. మన చట్టం కూడా పాఠం చెప్పే పంతులుకీ, చదువుకునే పిల్లలకీ కొంత వెసులుబాటు ఇచ్చింది. పక్షుల మీద ప్రేమతో పేజీ నడిపేవాళ్లు నీ పేరుతో షేర్ చేస్తే, "ఈసారి ముందు అడగండి" అని ఒక మెసేజ్ చాలు. కానీ నీ ఫోటో చూపించి టికెట్లు అమ్ముకునేవాళ్లు వేరు. వాళ్లు ప్రింటరుకు ఇస్తారు, డిజైనరుకు ఇస్తారు, యాడ్ ఖర్చు కడతారు. ఫోటోగ్రాఫర్ దగ్గరికి వచ్చేసరికే ఉచితం.

అందుకే నా మాట ఇది: వ్యాపారం చేసేవాళ్లని మొట్టమొదట "తీసేయండి" అని అడక్కు. తీసేస్తారు, "తీసేశాం కదండీ, ఇంకేంటి" అంటారు, మాటలు అక్కడితో ఆగిపోతాయి. ఇన్నాళ్లూ వాడుకున్నదానికి లెక్క తేలాలి. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. రెండేళ్ల కిందట ఇక్కడ బెజవాడలో ఒక హోటల్‌వాళ్లు నా ప్రకాశం బ్యారేజీ ఫోటో లాబీ గోడకీ, వెబ్‌సైట్‌కీ వాడితే నేను చేసింది అదే. ఒక లెటర్, దానికి ఒక బిల్లు జత చేసి పంపాను. మేనేజర్ మొదట గట్టిగా మాట్లాడాడు, ఓనర్ బిల్లు చూసి కాస్త తగ్గించమని అడిగాడు, ఇచ్చేశాడు. ఇప్పుడు ఏటా లైసెన్స్ రెన్యువల్ చేసుకుంటున్నారు.

లెటర్ ఇలా రాయి, తెలుగులోనే రాసినా ఫరవాలేదు:

"ఫలానా చోట, ఫలానా తేదీన తీసిన ఈ ఫోటోకి కర్తను, హక్కుదారును నేను. మీ వెబ్‌సైట్‌లో ఈ అడ్రసులో, ఈ తేదీన నా అనుమతి లేకుండా కనిపించింది (కాపీలు జత చేశాను). నా పేరు తొలగించి, బొమ్మను మార్చి వాడారు. ఎప్పటి నుంచి, ఎక్కడెక్కడ వాడారో తెలియజేయండి. ఇప్పటివరకు వాడినందుకు లైసెన్స్ రుసుము బిల్లు పంపుతున్నాను. పదిహేను రోజుల్లో చెల్లించండి. పక్షుల దగ్గరికి పడవలు తీసుకెళ్లే ప్రకటనకు ఈ ఫోటో వాడటానికి ఇకమీదట నేను ఒప్పుకోను, దాని నుంచి వెంటనే తొలగించండి."

చూశావా, చివరి వాక్యంలో నీ బాధ ఉంది, తిట్టు లేదు. ఎంత వెయ్యాలి అంటావా? నువ్వు మామూలుగా క్యాలెండరుకీ, వెబ్‌సైట్‌కీ ఎంత తీసుకుంటావో అది పట్టుకో. ఎన్ని నెలలు, ఎన్ని చోట్ల అన్నదాన్నిబట్టి పెంచు. పేరు కత్తిరించినందుకు కొంత చేర్చు. ఆకాశానికి నిచ్చెన వెయ్యకు, వాళ్లు కట్టగలిగిన, నువ్వు కోర్టులో సమర్థించుకోగలిగిన అంకె వెయ్యి. "పోలీసులకు పట్టిస్తా, పరువు తీస్తా" లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. ఆధారం లేకుండా బెదిరిస్తే అవతలివాళ్లే నీమీద దావా వెయ్యడానికి 60వ సెక్షన్ ఉంది. నీకు ఆధారం ఉందనుకో, అయినా బెదిరింపు భాష నీకు నష్టమే.

పదిహేను రోజుల్లో ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు తీసేయించు. ఇన్‌స్టా, ఫేస్‌బుక్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటుంది, అసలైన హక్కుదారుగా నువ్వే నింపాలి. వెబ్‌సైట్‌కైతే అది ఏ హోస్టింగ్ కంపెనీ దగ్గరుందో, సైట్ల వివరాలు చూపే హూయిజ్‌లో చూసి వాళ్లకు రాయి. మన దేశపు నియమాల ప్రకారం రాతపూర్వక ఫిర్యాదు అందిన 36 గంటల్లో వాళ్లు చర్య తీసుకోవాలి. కానీ 21 రోజుల్లోపు నువ్వు కోర్టు ఆర్డర్ తేకపోతే మళ్లీ తెరిచెయ్యొచ్చు. హోస్టింగ్ అమెరికాదైతే 1998 నాటి అక్కడి కాపీరైట్ చట్టం డీఎంసీఏ కింద నోటీసు పంపాలి. అందులో నువ్వు ప్రమాణం చేసి రాస్తావు కాబట్టి ప్రతి మాటా నిజమై ఉండాలి. పెళ్లి ఫోటోల సంగతి దీంట్లో కలపొద్దని అందుకే అన్నాను.

కోర్టంటే భయపడకు. 62వ సెక్షన్ మనలాంటివాళ్ల కోసమే ఉన్నట్టుంటుంది: వాళ్ల ఆఫీసు చెన్నైలో ఉన్నా, నువ్వుండే నెల్లూరులోనే దావా వెయ్యొచ్చు. వాళ్లు ఫోటో వాడిన రోజు నుంచి మూడేళ్లు మించనివ్వకు. నేరం కింద కూడా కేసు ఉంది, కాపీరైట్ చట్టం 63వ సెక్షన్, ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయినా మొదటి అడుగే స్టేషన్ వైపు వెయ్యొద్దని నా సలహా. అక్కడికి వెళ్లాక వ్యవహారం నీ చేతిలో ఉండదు. పేరున్న మూలను కావాలని కత్తిరించారు చూడు, దానికి 65బి సెక్షన్ విడిగా ఉంది, రెండేళ్ల దాకా శిక్ష. లాయర్ నోటీసు దాకా వెళ్తే ఆ సెక్షన్ తప్పకుండా రాయించు. పొరపాటున వాడాం అనే మాటకు అది సరైన జవాబు.

ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టడం మానేస్తానన్నావు. ఆ ఒక్క మాటకి మాత్రం నేను ఒప్పుకోను. పులికాట్‌ను నీ ఫోటోల్లో చూసే కదా మనూరి పిల్లలు రాజహంసల కోసం వెళ్తున్నది. చిన్న సైజులో పెట్టు, పేరు మూలన కాకుండా నీళ్ల మీద పడేలా వెయ్యి, ఫైల్ వివరాల్లో పేరూ ఫోన్ నంబరూ రాయి. కొన్ని సైట్లు ఆ వివరాలను చెరిపేస్తాయి, అయినా రాయి.

లెటర్ రాశాక పంపే ముందు నాకు చూపించు, బిల్లు అంకె కూడా. నెల్లూరులో ఇలాంటివి చూసే లాయర్ ఒకాయన తెలుసు, అవసరమైతే నేనే మాట్లాడతాను. అక్కకి నమస్కారాలు చెప్పు. పదిహేనో రోజున జవాబు వచ్చినా రాకపోయినా నాకు ఫోన్ చెయ్యి.

ఉంటాను,
నీ బావ