నవలలు చెప్పిన అందరికీ ధన్యవాదాలు

నాన్న పోయాక పుస్తకం పట్టుకుంటే నాలుగు పేజీలు దాటేది కాదు. "కుటుంబం, మంచితనం, దెబ్బతిన్నా నిలదొక్కుకున్న మనుషులు ఉన్న ఈమధ్య నవలలేమైనా చెప్పండి, నీతిపాఠాలు మాత్రం వద్దు" అని అడిగితే ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు. పేరుపేరునా చెప్పడం కుదరట్లేదు, ఏమీ అనుకోకండి.

ముందుగా క్లెయిర్ కీగన్ 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్' (2021) చెప్పినావిడకి. "పలచటి పుస్తకం, మనసు కుదురుగా లేకపోయినా చదివేయొచ్చు" అన్నారు చూడండి, ఆ మాట పట్టుకునే మొదలుపెట్టాను. 1985లో ఐర్లండ్‌లో ఒక చిన్న ఊరు. బిల్ ఫర్లాంగ్ బొగ్గు, కట్టెలు అమ్ముకుంటూ ఐదుగురు ఆడపిల్లల్ని పెంచుకొస్తుంటాడు. క్రిస్మస్ ముందు నన్‌లు ఉండే కాన్వెంట్‌కి బొగ్గు వేయడానికి వెళ్తే, అక్కడ బొగ్గు కొట్టులో ఒక అమ్మాయిని పెట్టి గొళ్లెం వేసి ఉంటుంది. ఆ నన్‌లకి పెద్ద అయిన మదర్ సుపీరియర్ అతన్ని లోపలికి పిలిచి టీ ఇప్పిస్తుంది, పిల్లల చదువుల గురించి అడుగుతుంది, వెళ్లేటప్పుడు పండక్కని డబ్బున్న కవరు ఇస్తుంది. గొంతు పెంచదు, బెదిరించదు. అతను కవరు తీసుకుంటాడు కూడా! ఊళ్లో ఆడపిల్లల బడిలోనూ ఆ నన్‌ల మాటే చెల్లుతుంది, వాళ్లతో పెట్టుకుంటే కూతుళ్ల చదువు ఏమవుతుందో అతనికి తెలుసు మరి. మంచిపని చేస్తే ఇంట్లోవాళ్లకి ఏం నష్టమో దాచకుండా చూపించిన కథ ఇది. నాకు కావాల్సింది సరిగ్గా ఇదే.

షెల్బీ వాన్ పెల్ట్ 'రిమార్కబ్లీ బ్రైట్ క్రీచర్స్' (2022) దీనికి పూర్తిగా వేరు. కొన్ని అధ్యాయాలు చెప్పేది మార్సెలస్ అనే ఒక ఆక్టోపస్! టోవా డెబ్బై ఏళ్లావిడ, భర్త పోయాడు, కొడుకు పద్దెనిమిదేళ్లప్పుడు మాయమై ముప్పై ఏళ్లయింది. అక్వేరియంలో రాత్రిపూట క్లీనింగ్ చేస్తుంటుంది. తొట్టెలోంచి తప్పించుకుని కరెంటు వైర్లలో చిక్కుకున్న మార్సెలస్‌ని ఆవిడే విడిపిస్తుంది. అమ్మ ఇంగ్లీషు చదవదు కాబట్టి రోజూ కాస్త కాస్త తెలుగులో చెప్పేదాన్ని. కొన్నాళ్లకి "ఇవాళ అదేం చేసిందే?" అని తనే అడగడం మొదలుపెట్టింది. చివర్లో అన్నీ అలా కలిసొచ్చేయడం నాకు కొంచెం సినిమాలా అనిపించింది. అమ్మకి నచ్చింది అదే.

'పచింకో' (2017) చెప్పినవాళ్లే ఎక్కువ. మిన్ జిన్ లీ రాసిన ఈ నవల జపాన్‌లో బతుకుతున్న కొరియన్ కుటుంబం కథ, నాలుగు తరాలది. భర్తని జైల్లో పెట్టాక తోడికోడలు ఇంట్లో కిమ్చీ (కొరియన్ల క్యాబేజీ పచ్చడి) కలిపిస్తే సున్జా బండి తోసుకుంటూ వెళ్లి అమ్ముతుంది. ఇంటి ఆడవాళ్లు సంపాదించడం బావగారికి నామోషీ. అప్పుల టెన్షన్ ఒకపక్క, ఆయన కోపం ఒకపక్క. ఆ తోడికోడళ్ల జోడీ కోసమైనా చదవాలి. చివరి తరం దగ్గరికొచ్చేసరికి కథ కాస్త పరుగెత్తింది, అది వేరే సంగతి.

ఇక అబ్రహం వర్గీస్ 'ద కవనెంట్ ఆఫ్ వాటర్' (2023) గురించి చెప్పిన అన్నయ్యకి ప్రత్యేకంగా. "గొప్ప పుస్తకం, కానీ ఇప్పుడే వద్దమ్మా. తరానికొకరు నీళ్లలో పడి పోతుంటారు, అందులో పసివాళ్లూ ఉన్నారు. కొన్నాళ్లాగి తీసుకో" అన్నారు. నచ్చిన పుస్తకం పేరు ఎవరైనా చెప్తారు. అడిగిన మనిషి ఏ స్థితిలో ఉందో కూడా చూసుకుని చెప్పినందుకు మీకు ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే. మీరన్నట్టే ఆగి, ఈ వారమే తీశాను. 1900, కేరళ. పన్నెండేళ్ల పెళ్లికూతురు, నలభై ఏళ్ల పెళ్లికొడుకు, అతని మొదటి భార్య కొడుకు బుల్లి జోజో. ఏడొందల పేజీలు దాటిన పుస్తకం, నేనింకా మొదట్లోనే ఉన్నాను. చదివేసినవాళ్లు దయచేసి ముగింపు మాత్రం చెప్పకండి.