మన సంఘం వార్షిక నివేదిక: పాత ఇళ్ల పుట్టుపూర్వోత్తరాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పని చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: "మా ఇల్లు ఎప్పుడు కట్టారు?" కొత్తగా చేరినవాళ్లు దాదాపు అందరూ ముందుగా అడిగేది ఇదే. చాలామంది చేతిలో అప్పటికే ఒక సంవత్సరం ఉంటుంది. పన్ను రికార్డులోనో, ఇల్లు అమ్మినవాళ్లు ఇచ్చిన కాగితంలోనో చూసి ఉంటారు. అది 1900 అనో 1920 అనో గుండ్రంగా ఉంటే వెంటనే నమ్మొద్దు. అసలు తేదీ తెలియనప్పుడు పన్నువాళ్లు అంచనాగా ఒక అంకె వేసుకోవడం మామూలే. తర్వాత ఆ అంకే ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి ఎక్కుతూ పోతుంది.

అందుకే కార్యవర్గం ఒక తీర్మానం చేసింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు దొరికితే తప్ప, మన రికార్డులో ఏ ఇంటికీ కట్టిన సంవత్సరం రాయం. దొరకనిచోట "ఫలానా ఏడాదికి ముందే ఉంది" అని మాత్రమే రాస్తాం. తమ ఇంటి వయసు తగ్గిందని కొందరు సభ్యులు నొచ్చుకున్నారు. వాళ్ల బాధ అర్థం చేసుకోగలం. కానీ రేపు మన రికార్డు చూసి ఇంకొకరు పని మొదలుపెడతారు కాబట్టి ఈ నియమం సడలించేది లేదు.

శిక్షణ తరగతుల్లో ఎక్కువ సమయం దస్తావేజులకే ఇచ్చాం. ఇప్పటి యజమాని దగ్గర మొదలుపెట్టి, ఆయనకు ఎవరు అమ్మారు, వాళ్లకు ఎవరి నుంచి వచ్చింది అని ఒక్కో మెట్టే వెనక్కి వెళ్లాలి. మధ్యలో ఒక లింకు దొరక్కపోతే ఆస్తి అమ్మకంగా కాకుండా వారసత్వంగా వచ్చి ఉండొచ్చు. అప్పుడు వీలునామాలు, పంపకాల కాగితాలు వెతకాలి. ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది: దస్తావేజు చెప్పేది ముఖ్యంగా స్థలం చరిత్ర. దాని మీద ఇల్లు ఎప్పుడు లేచిందన్నది అందులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రెండు అమ్మకాల మధ్య ధర ఒక్కసారిగా పెరిగినా, మధ్యలో ఒక తనఖా కనిపించినా అప్పుడే ఇల్లు కట్టారేమోనని అనుమానించాలి. అది అనుమానమే, రుజువు కాదు. ఆ కాలంలో ఆ చుట్టుపక్కల స్థలాలన్నిటి ధరా పెరిగిందేమో కూడా చూడాలి.

ఈ ఏడాది మాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన పని ఒక సభ్యురాలి ఇంటిది. ఆవిడ దస్తావేజులు వరసగా అన్నీ ఉన్నాయి కానీ ఇల్లు అనే మాట ఎక్కడా లేదు. అన్నిట్లో కొలతలూ హద్దులే. చివరికి తూర్పు పక్కింటివాళ్లను అడిగి వాళ్ల కాగితాలు తెప్పించి చూశాం. వాళ్ల పాత దస్తావేజులో పడమటి హద్దు "ఖాళీ స్థలం" అని ఉంది. ఆ తర్వాతి దస్తావేజులో అదే హద్దు "ఇంటి గోడ" అయింది. ఆ గోడ మన సభ్యురాలిదే! ఆ రెండు తేదీల మధ్య ఇల్లు లేచిందని అలా తేలింది. సొంత కాగితాలు మాట్లాడనిచోట పక్కవాళ్ల హద్దులు మాట్లాడతాయి కాబట్టి ఇరుగుపొరుగుతో సఖ్యంగా ఉండమని సభ్యులకు మా విన్నపం.

రెండో ఆధారం కోసం ఆ ఇంటి అటక ఎక్కాం. దూలాలకు దిగిన మేకుల్లో వదులైన ఒకదాన్ని తీసి చూస్తే, నాలుగు వైపులా సన్నబడుతూ, తల మీద సుత్తి దెబ్బల పలకలతో ఉంది. అది కమ్మరి చేత్తో కొట్టిన మేకు. యంత్రంతో రేకు నుంచి కోసిన మేకులు 18వ శతాబ్దం చివర్లో వచ్చాయి. అవి రెండు వైపులే సన్నబడతాయి. గుండ్రటి తీగ మేకులు 19వ శతాబ్దం చివర్లో గానీ మామూలు కాలేదు. అయితే పాత కలప, పాత మేకులు తీసి కొత్త ఇంటికి వాడుకోవడం ఎప్పుడూ ఉన్నదే. అందుకని ఒక్క మేకును పట్టుకుని తేదీ చెప్పలేదు. దూలం, వాసాలు, గోడ గార అన్నీ కలిపి చూశాకే రికార్డులో రాశాం.

చెట్టు వలయాలు లెక్కపెట్టి దూలం వయసు కట్టించడం గురించి చాలామంది అడిగారు. బెరడు అంచు మిగిలి ఉంటే చెట్టు నరికిన ఏడాది తెలిసే వీలుంది. అంతేకానీ ఇల్లు కట్టిన ఏడాది దానంతట అది తెలియదు. ఖర్చు కూడా ఎక్కువ కాబట్టి కాగితాల పని పూర్తయ్యాకే ఆ ఆలోచన చేయండి.

వేరే దేశాల్లో ఉన్న సభ్యుల కోసం ఒక ఆన్‌లైన్ సమావేశం పెట్టాం. అమెరికాలో ఉన్నవాళ్లకు శాన్‌బోర్న్ కంపెనీ అగ్ని బీమా మ్యాపులు పెద్ద వరం. 1867లో మొదలైన ఈ మ్యాపుల్లో గులాబీ రంగు ఉంటే ఇటుక కట్టడం, పసుపు ఉంటే చెక్క ఇల్లు. వేర్వేరు ఏళ్ల మ్యాపులు పక్కపక్కన పెడితే ఇంటికి వరండా ఎప్పుడు వచ్చిందో, వెనక గది ఎప్పుడు పోయిందో కనిపిస్తుంది. చిరునామాతో మాత్రం జాగ్రత్త. షికాగోలో 1909లో ఇంటి నంబర్లు మార్చేశారు. అది తెలియకపోతే ఇంకెవరి ఇంటి చరిత్రో మన ఇంటిదనుకుని టెన్షన్ పడతాం. 1890 జనాభా లెక్కలు 1921 అగ్నిప్రమాదం వల్ల చాలావరకు పోయాయి, దానికోసం సమయం వృథా చేసుకోకండి. ఇంగ్లండ్‌లోని సభ్యులకు 1921 జనాభా లెక్కలు 2022 నుంచి అందుబాటులో ఉన్నాయి. అక్కడ కిటికీల మీద పన్ను 1696 నుంచి 1851 దాకా ఉండేది. మీ ఇంట్లో ఇటుకలతో మూసేసిన కిటికీ ఉంటే ఆ పన్ను ఒక కారణం కావచ్చు, కానీ గోడ అందం కోసం మొదట్నుంచే అలా కట్టినవీ ఉన్నాయి.

పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసే పని అనుకున్నంత సాగలేదు. ఇది ఆగకూడదు. కాగితాలు వచ్చే ఏడాది కూడా బీరువాలోనే ఉంటాయి, పెద్దవాళ్ల జ్ఞాపకానికి ఆ భరోసా లేదు. "ఇల్లు ఎప్పుడు కట్టారు" అని అడిగితే తేదీ గుర్తుండదు. "కరెంటు వచ్చినప్పుడు ఈ గది ఉందా? ఎవరి పెళ్లికి ముందు కట్టారు?" అని అడగండి, జవాబు వస్తుంది. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి, మీ సవరణలు పక్కన వేరుగా రాయండి.

జమాఖర్చుల పట్టిక ఈ నివేదికకు జతచేశాం. సర్వసభ్య సమావేశంలో ఆమోదానికి పెడతాం.

వచ్చే ఏడాది సభ్యుల దస్తావేజులను వెలుతురు సరిగ్గా చూసుకుని ఫోటోలు తీసి భద్రపరచాలని కార్యవర్గం నిర్ణయించింది. ఎవరి అనుమతి లేకుండా ఎవరి కాగితమూ ఇతరులకు చూపించం. సమావేశానికి వచ్చేటప్పుడు మీ దస్తావేజుల నకళ్లు తీసుకురండి. అసలు ప్రతులు తేవద్దు, వాటికి టేపు అంటించవద్దు, లామినేషన్ అసలే చేయించవద్దు. వీలైతే పక్కింటివాళ్లను కూడా వెంటబెట్టుకుని రండి.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున