ఫైనల్ ఓడిన ఒక్కరోజుతో ఆటగాళ్లను కొలవకండి

ఎడిటర్ గారూ,

ఈ కోపం మీ ఒక్క పేపర్ మీద కాదు, మన స్పోర్ట్స్ పేజీలన్నిటి మీదా, టీవీల మీదా. మనవాళ్లెవరైనా ఫైనల్లో ఓడితే మర్నాడు పేజీ నిండా ఆ ఓటమే. పీవీ సింధు విషయంలో ఏం జరిగిందో చూశాం కదా. 2016 రియోలో మారిన్ చేతిలో, 2017 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒకుహర చేతిలో, 2018లో మళ్లీ మారిన్ చేతిలో ఓడేసరికి ‘ఫైనల్ ఫోబియా’ అని జబ్బు అంటగట్టేశారు. 2019లో బాసెల్‌లో అదే ఒకుహరను 21-7, 21-7తో చిత్తు చేసి టైటిల్ గెలిచాక గానీ ఆ నోళ్లు మూతపడలేదు. ఏడాది తర్వాత ఏడాది ఫైనల్ దాకా వెళ్లాలంటే ఎంత ఆడాలో చెప్పినవాళ్లు మాత్రం తక్కువ.

ఈ లెక్కన స్వీడన్ హ్యాండ్‌బాల్ ఆటగాడు మాగ్నస్ విస్లాండర్‌ని ఏమనాలి? హ్యాండ్‌బాల్ మన పేజీల్లో కనిపించేదే తక్కువ కాబట్టి కొంచెం చెప్తాను. 1964లో గోథెన్‌బర్గ్‌లో పుట్టి, అదే ఊళ్లోని రెడ్‌బెర్గ్స్‌లిడ్ క్లబ్బు నుంచి పైకొచ్చాడు. పోస్ట్‌మన్‌గా కూడా పనిచేశాడు (మన దగ్గరైతే ఈ ముక్క మీదే నెలరోజులు కథనాలు నడిచేవి). 1990లో జర్మనీ వెళ్లి కీల్ జట్టుకి 2002 దాకా ఆడాడు, ఆ 12 ఏళ్లలో కీల్ 7 సార్లు జర్మన్ లీగ్ గెలిచింది. మొదట్లో మధ్యలో నిలబడి ఆట నడిపించేవాడు, వయసు పెరిగాక ప్రత్యర్థి డిఫెన్స్ మధ్యలో దూరి తోపులాటల్లో గోల్స్ కొట్టే లైన్ ప్లేయర్‌గా మారాడు. ముప్ఫై దాటాక ఏరికోరి వెళ్లే చోటు కాదది, దెబ్బలన్నీ అక్కడే తగులుతాయి.

కోచ్ బెంగ్ట్ జోహాన్సన్ హయాంలో స్వీడన్ జట్టుకి ‘బెంగన్ బాయ్స్’ అని పేరు. 1990, 1999 ప్రపంచ టైటిళ్లు, 1994, 1998, 2000, 2002 యూరోపియన్ టైటిళ్లు, అన్నిటిలోనూ విస్లాండర్ ఉన్నాడు. మరి ఒలింపిక్స్? 1992 బార్సిలోనా ఫైనల్లో మాజీ సోవియట్ దేశాల ఉమ్మడి జట్టు చేతిలో 22-20తో ఓటమి, 1996 అట్లాంటాలో క్రొయేషియా చేతిలో 27-26తో, 2000 సిడ్నీలో రష్యా చేతిలో 28-26తో. వరసగా మూడు ఫైనల్స్, మూడు రజతాలు, ఒక్క స్వర్ణం లేదు. మూడింటిలో కలిపి తేడా ఎంతో తెలుసా, 5 గోల్స్! గంట ఆటలో రెండు వైపులా కలిపి నలభై యాభై గోల్స్ పడే ఆట ఇది, గోల్‌కీపర్ ఒకటి రెండు బంతులు ఎక్కువ ఆపితే ఫలితం తలకిందులే. పైగా బార్సిలోనాలోనూ సిడ్నీలోనూ అవతల గోల్ ముందు ఉన్నది ఆండ్రీ లావ్రోవ్, మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషి. ఆ రష్యానే ఇదే స్వీడన్ 1999 ప్రపంచ ఫైనల్లో 25-24తోనూ, 2000 జనవరిలో జాగ్రెబ్‌లో జరిగిన యూరోపియన్ ఫైనల్లో అదనపు సమయం దాకా వెళ్లి 32-31తోనూ ఓడించింది. ఫోబియా ఉన్నవాళ్లు ఆడే ఆటేనా ఇది?

ఇన్ని రజతాలున్నా అంతర్జాతీయ హ్యాండ్‌బాల్ సమాఖ్య ‘శతాబ్దపు ఆటగాడు’గా ఎంచుకున్నది విస్లాండర్‌నే. దేశం తరఫున 380కి పైగా మ్యాచ్‌లు, 1100కి పైగా గోల్స్, అంత ఆటనీ చూసి ఇచ్చారు ఆ గౌరవం. ఆ మూడు సాయంత్రాలను మాత్రమే చూసి ఉంటే పేరు కూడా పరిశీలనకి వచ్చేది కాదేమో. ఆ మూడు ఫైనళ్లలో ఆడిన స్టాఫన్ ఓల్సన్ తర్వాత కోచ్‌లలో ఒకడిగా 2012 లండన్‌లోనూ స్వీడన్‌ని ఫైనల్‌కి తెచ్చాడు, అక్కడ ఫ్రాన్స్ చేతిలో 22-21. ఒక్క గోల్.

గెలుపుకి విలువ లేదనట్లేదు, స్వర్ణం స్వర్ణమే. ఓటమిని విమర్శించొద్దనీ అనట్లేదు, చెత్తగా ఆడితే చెత్తగా ఆడారనే రాయండి. కానీ ప్రభుత్వాల నజరానాలు ఎలాగూ పతకం రంగుని బట్టే ఉంటాయి, పేపర్ కూడా అదే కొలబద్ద పట్టుకుంటే ఎలా? ఇకమీద మనవాళ్లు ఫైనల్ ఓడిన మర్నాడు కనీసం సగం పేజీ వాళ్లు అక్కడిదాకా ఎలా వచ్చారో, ఎవరిని దాటి వచ్చారో, ఏ రెండు మూడు పాయింట్ల దగ్గర మ్యాచ్ చేజారిందో ఆట తెలిసినవాళ్లతో రాయించండి. ఆ తర్వాత కూడా, ఏడాది పొడుగునా వాళ్లాడే టోర్నీల స్కోర్లు చిన్న బాక్స్‌లోనైనా వేయండి. క్రికెట్ ప్రాక్టీస్ ఫొటో ఒకటి తీసేస్తే చోటు దొరుకుతుంది.

— ఒక పాఠకుడు, కాకినాడ