నీ గొంతు కింద ఉన్న హోరు

మల్లేశ్వరం, బెంగళూరు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. నువ్వు చదివి రికార్డు చేసి పంపిన పాఠం రెండుసార్లు మామూలుగా విన్నాను. మూడోసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నీ మాటలను వదిలేసి, మాటకూ మాటకూ మధ్య ఉన్న ఖాళీలను విన్నాను. ఆ ఖాళీల్లో ఒక హోరు ఉంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తీసేశానన్నావు. తీసేసిన ఫైలు కూడా విన్నాను. హోరు పోయిన మాట నిజమే, కానీ నీ గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. 'శేషం' అన్నప్పుడు శకారం ఏదో షకారం ఏదో తెలియడం లేదు. ఆ సాఫ్ట్‌వేర్ హోరు ఏయే స్థాయుల్లో ఉందో చూసి అక్కడ కోత పెడుతుంది. అదే స్థాయిలో నీ గొంతు కూడా ఉంటే అదీ తెగిపోతుంది. నీ పాఠాలు వినే పిల్లలకు చూపు లేదు, పైగా వాళ్లు రెండింతల వేగంతో వింటారని నువ్వే చెప్పావు. ఆ వేగంలో వాళ్లకు ఆధారం హల్లులే. అందుకే హోరును అది పుట్టే చోటే, అంటే నీ కంప్యూటర్‌లోనే, ఎలా తగ్గించాలో ఫోనులో తేల్చకుండా ఉత్తరం రాస్తున్నాను.

కిందటి నెల చెన్నై తిరువాన్మియూరులో మీ ఇంట్లో ఉన్నప్పుడు, నువ్వు పడుకున్నాక నీ కంప్యూటర్‌ను కాసేపు విన్నాను. పీణ్య ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు మోటార్లను పరీక్షించిన అలవాటు అది. స్క్రూడ్రైవర్ మొన మోటారు ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనుక ఎముకకు ఆనిస్తే, లోపల ఇరుసును మోసే బేరింగ్ ఏది ఎలా ఉందో తెలిసిపోతుంది. నీ పెట్టెలో మూడు శబ్దాలు విడివిడిగా దొరికాయి. వెనుక ఉన్న 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్‌ది సన్నని కూత. హార్డ్ డిస్క్‌ది మంద్రంగా వచ్చే హమ్. మూడోది పక్క రేకుది. దాన్ని అరచేత్తో నొక్కితే ఆగిపోయింది, వదిలితే మళ్లీ మొదలైంది.

ఇవి ఎక్కడ పుడతాయో లెక్క వేసి చూపిస్తాను, నీకు లెక్కలంటే ఇష్టం కదా. ఆ చిన్న ఫ్యాన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుందనుకో, అంటే సెకనుకు 50. దానికి ఏడు రెక్కలు. సెకనుకు 350 సార్లు గాలిని కొడుతుంది, కాబట్టి కూత 350 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. నీ గొంతు ఉండేదీ ఆ ప్రాంతంలోనే. సాఫ్ట్‌వేర్ రెంటినీ విడదీయలేకపోవడానికి అదొక కారణం. హార్డ్ డిస్క్ 7200 చుట్ల రకం, సెకనుకు 120. ఆ 120 హెర్ట్జ్ వణుకు స్క్రూల గుండా రేకులోకి పాకుతుంది. రేకు పలచన కాబట్టి తబలా చర్మంలా పలుకుతుంది.

నువ్వు కొనాలని చూసి పెట్టుకున్న క్యాబినెట్, అంటే కంప్యూటర్ పెట్టె, ముందు తలుపు మూసి, లోపల శబ్దాన్ని పీల్చే నురుగు (ఫోమ్) షీట్లు అంటించిన రకం. దాని మీద నీకు మనసు ఎందుకు పోయిందో నాకు తెలుసు. రెండేళ్ల కిందట నేనూ అదే ఆలోచనతో అలాంటిదే కొన్నాను. శబ్దాన్ని లోపల పెట్టి మూసేస్తే సరిపోతుందని అనుకున్నాను. డిసెంబరులో బాగానే ఉంది. ఏప్రిల్ వచ్చేసరికి లోపలి వేడి బయటికి పోయే దారి లేక ఫ్యాన్లు పరుగు అందుకున్నాయి. ఒక మధ్యాహ్నం విసుగొచ్చి ముందు తలుపు ఊడదీస్తే, పది నిమిషాల్లో ఫ్యాన్ల వేగం తగ్గి గది నెమ్మదించింది. మూత తీస్తే శబ్దం తగ్గడమేమిటని ఆ రోజు నాకే ఆశ్చర్యం వేసింది. మోటార్ల మధ్య బతికినవాణ్ని, అయినా ఆ సంగతి కళ్లతో చూసేదాకా నమ్మలేదు.

ఇది బెంగళూరు మాట. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రికి చల్లబడుతుంది. నీ చెన్నై గదిలో మే నెల కత్తిరి ఎండల్లో, ఏసీ వేయకపోతే, రాత్రి పది గంటలకూ వేడి తగ్గదు. ఫ్యాను ఎంత మంచిదైనా లోపలి భాగాలను గది గాలి కంటే చల్లబరచలేదు. ప్రాసెసర్ గది కంటే 35 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుంటే, గది 25 ఉన్నప్పుడు అది 60, గది 35 ఉన్నప్పుడు 70. ఆ పది డిగ్రీల తేడాను ఫ్యాన్లు చుట్లు పెంచుకుని పూడ్చాలి. అందుకే మూసిన పెట్టె వద్దు తల్లీ. ముందు భాగమంతా జల్లెడ ఉన్నది తీసుకో. ఆ జల్లెడ వెనుక 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు పట్టాలి. స్వీడన్‌కు చెందిన ఫ్రాక్టల్ డిజైన్, జర్మనీకి చెందిన బీ క్వైట్ వాళ్లవాటిలో ఇలా గాలి బాగా ఆడేవి ఉన్నాయి, నురుగు అంటించినవీ ఉన్నాయి. పేరు చూసి ఆగిపోకుండా ముందు భాగం చూసి ఎంచుకో.

రిచీ స్ట్రీట్‌లో కొనేటప్పుడు ఒక పని చేయి. క్యాబినెట్ పక్క రేకును వేలి కణుపుతో తట్టు. మట్టి కుండను కొనే ముందు అమ్మ తట్టినట్టు. టంగుమని సాగితే వదిలేయి. డబ్‌మని అక్కడే ఆగిపోతే ఆ రేకు మందంగా ఉన్నట్టు లెక్క. తలుపు బిగించి రెండు చేతులతో ఊపి చూడు, ఏదీ గలగలమనకూడదు. గాలి లోపలికి వచ్చే చోట ఊడదీసి కడుక్కోగల దుమ్ము జల్లెడ ఉండాలి. మీ ఇల్లు సముద్రానికి దగ్గర, ఉప్పు గాలిలోని తేమకు దుమ్ము రెక్కలకు అంటుకుపోతుంది. బయటికి పంపే గాలి కంటే లోపలికి తెచ్చే గాలి కాస్త ఎక్కువ ఉండేలా చూసుకుంటే దుమ్ము సందుల్లోంచి దూరకుండా జల్లెడ దగ్గరే ఆగుతుంది. ముందు రెండు, వెనుక ఒకటి చాలు. గాజు తలుపూ రంగురంగుల దీపాలూ నీ పనికి అక్కరలేదు.

ఇక ఫ్యాన్లు. డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. ఫ్యాను చుట్లను సగానికి తగ్గిస్తే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది, గాలి మాత్రం సగమే తగ్గుతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. రెండో వైపు చూడు. ఒకే రకం ఫ్యాన్లు రెండు పెడితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. వేగంగా తిరిగే ఒక ఫ్యాన్ కంటే నెమ్మదిగా తిరిగే రెండు మేలన్నది ఇందుకే. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్‌తో పోలిస్తే 140 మిల్లీమీటర్లదానికి వైశాల్యం మూడు రెట్లు. అదే గాలి కోసం అది తొందరపడక్కరలేదు.

ఇందులో నాకు బాగా తెలిసిన విషయం బేరింగ్, కాబట్టి కొంచెం ఓపికగా చదువు. చవక ఫ్యాన్లలో నూనె పీల్చుకున్న బుష్, అంటే సాదా లోహపు గొట్టం, ఉంటుంది. కొత్తలో చాలా మెత్తగా తిరుగుతుంది, దుకాణంలో విని మురిసిపోతాం. వేడికి నూనె ఆరిపోయాక ఇరుసు ఒక పక్కకు అరిగి గరగరమంటుంది. ఫ్యానును పడుకోబెట్టి బిగిస్తే ఇంకా త్వరగా అరుగుతుంది. బాల్ బేరింగ్ దీర్ఘకాలం వస్తుంది కానీ మొదటి రోజు నుంచీ సన్నగా ఒక రొద పెడుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ అని ఒకటి ఉంది. దాని లోపలి గాడులు తిరిగేకొద్దీ నూనెను ఒత్తిడితో ఇరుసు చుట్టూ నిలబెడతాయి, లోహం లోహాన్ని తాకదు. పెట్టె మీద ఆ మాట ఉందో లేదో చూసి కొను. ఆస్ట్రియాకు చెందిన నాక్టువా ఫ్యాన్లు గోధుమ రంగులో ఉంటాయి, చూడటానికి నీకు నచ్చకపోవచ్చు. వాళ్ల 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లలో ఒకదానికి రెక్క కొసకూ చట్రానికీ మధ్య అర మిల్లీమీటరే సందు. ప్లాస్టిక్ రెక్క తిరుగుతూ తిరుగుతూ కొంచెం సాగుతుంది, సాగినా చట్రానికి తగలని పదార్థం కావాలి. ఆ అర మిల్లీమీటరు వెనుక ఎంత పని ఉంటుందో నాకు తెలుసు. బడ్జెట్ చాలకపోతే ఆర్కిటిక్ వాళ్లవి చూడు. నాలుగు పిన్నుల రకమే తీసుకో, వేగాన్ని మదర్‌బోర్డు చక్కగా అదుపు చేస్తుంది.

ప్రాసెసర్ విషయంలో ఎక్కువ చెప్పను. నీ పని గొంతు రికార్డు చేయడం, కత్తిరించడం. గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు, కాబట్టి దాని ఫ్యాన్లూ అక్కరలేదు. గ్రాఫిక్స్ లోపలే ఉన్న 65 వాట్ల ప్రాసెసర్, రైజెన్ 5 8600జీ లాంటిది, నీకు ధారాళంగా సరిపోతుంది. దానితో వచ్చే చిన్న కూలర్‌ను అలాగే పక్కన పెట్టి, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పట్టే నిలువు కూలర్ కొను. అవి సుమారు 155 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి, క్యాబినెట్ వివరాల్లో అంత చోటు ఉందో లేదో ముందే చూడాలి. నీళ్ల కూలర్ ఎవరు చెప్పినా వద్దు. అందులో పంపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ఫ్యాన్లూ ఎలాగూ ఉంటాయి.

హార్డ్ డిస్క్ తీసేసి, మదర్‌బోర్డుకే నేరుగా తగిలించే చిప్‌ల డిస్క్, ఎం.2 ఎస్ఎస్‌డీ అంటారు, అది పెట్టు. కదిలే భాగమే లేదు, ఆ 120 హెర్ట్జ్ గొడవ ఆ రోజుతో తీరిపోతుంది. పాత రికార్డింగులున్న డిస్క్‌ను బయటి డబ్బాలో పెట్టుకుని అవసరమైనప్పుడు మాత్రమే తగిలించు. ఎస్ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా, 80 ప్లస్ గోల్డ్ గుర్తు (కరెంటును తక్కువ వృథా చేస్తుందనే గుర్తు) ఉన్నది, 550 వాట్లది చాలు. తక్కువ లోడు మీద ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయే రకం అడుగు, నీ కంప్యూటర్ వాడే కరెంటుకు అది దాదాపు ఎప్పుడూ ఆగే ఉంటుంది. దాని మూత మాత్రం ఎన్నడూ విప్పకు, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

అన్నీ బిగించాక బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో, ఫ్యాన్ల వేగం సరిచేయాలి. ప్రాసెసర్ ఒక్క క్షణం వేడెక్కగానే ఫ్యాన్ ఉరకడం, మళ్లీ తగ్గడం, ఇదే చెవికి ఎక్కువ బాధ. ఒకే తీరుగా ఉన్న చిన్న శబ్దాన్ని మనసు మరచిపోతుంది, లేచిపడే శబ్దాన్ని మరచిపోలేదు. అరవై డిగ్రీల దాకా ఫ్యాన్లను 600 చుట్ల దగ్గర నిలకడగా ఉంచి, ఆ పైన మెల్లగా పెరిగేలా గీత గీయాలి. వేగం మారే ముందు కొన్ని సెకన్లు ఆగే ఏర్పాటు చాలా బోర్డుల్లో ఉంటుంది.

నీ మైకు కార్డియాయిడ్ రకం అన్నావు. దానికి వీపు వైపు చెవుడు. కంప్యూటర్‌ను సరిగ్గా ఆ వీపు వైపు, బల్ల మీద కాకుండా కింద, కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేసి పెట్టాలి. దూరం రెండింతలైతే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గది మూలకు మాత్రం తోయకు, గోడలు దాన్ని తిప్పి పంపుతాయి. నీ యూపీఎస్ కూడా హమ్ అంటోంది, ఆ రాత్రి విన్నాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ 100 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. దాన్ని హాల్లో పెట్టి పొడుగు తీగ లాక్కుంటే సరి.

నాయనమ్మకు చూపు తగ్గాక సాయంత్రాలు నువ్వు పక్కన కూర్చుని పత్రిక చదివేదానివి. నీకప్పుడు పదకొండేళ్లు. వార్త మొదలుపెట్టే ముందు లేచి వెళ్లి సీలింగ్ ఫ్యాన్ ఆపేదానివి. చెమటలు కారుతున్నా ఆమె వద్దనేది కాదు. రెండేళ్ల తరువాత ఒకసారి నాతో చెప్పింది, ఫ్యాన్ ఆగిన చప్పుడు వింటే చాలు ఒళ్లు తేలికయ్యేదని. నీ పాఠాలు వినే పిల్లలకు ఆ ఫ్యాన్ ఆగిన నిశ్శబ్దం దక్కాలని నా కోరిక.

ఏదీ ఇప్పుడే కొనకు. ఈ రాత్రి పదకొండు తరువాత, ఏసీ ఆపి, మైకు మామూలు చోటే ఉంచి, నోరు విప్పకుండా ముప్పై సెకన్లు రికార్డు చేయి. తరువాత కంప్యూటర్ మీద ఏదైనా బరువైన పని పెట్టి ఇంకో ముప్పై సెకన్లు. యూపీఎస్‌ను హాల్లోకి మార్చి మూడోది. శబ్దం తీసే సాఫ్ట్‌వేర్ ఏదీ తాకకుండా మూడూ పంపు. ఏ హోరు దేనిదో రాసి పెడతాను. వచ్చే శనివారం లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మధ్యాహ్నానికి నీ దగ్గర ఉంటాను, సాయంత్రం రిచీ స్ట్రీట్‌కు ఇద్దరం కలిసి వెళదాం. స్క్రూడ్రైవర్ నేనే తెస్తాను. అమ్మ కందిపొడి పంపుతోంది.

ఇట్లు
నాన్న