ఆదివారం వైఫై డ్రైవర్ పని

అందరికీ నమస్తే. ఈ ఆదివారం పొద్దున్నే విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మన రూములో కూర్చుందాం. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలో లినక్స్ వైఫై డ్రైవర్లని (వైఫై చిప్‌ని నడిపే ప్రోగ్రాములని) పనిచేయించడం మన పని.

లినక్స్ డ్రైవర్‌ని మొదటి నుంచి తిరగరాయక్కర్లేదు. లినక్స్ కెర్నెల్ (సిస్టం గుండెకాయ లాంటి ప్రోగ్రాము) ఫంక్షన్లకి ఫ్రీబీఎస్‌డీలో బదులిచ్చే లినక్స్‌కేపీఐ అనే పొర ఉంది. ఇంటెల్ డ్రైవర్ ఐడబ్ల్యూఎల్‌వైఫై 2022లో ఫ్రీబీఎస్‌డీ 13.1 విడుదలతో ఆ దారినే వచ్చింది. చిక్కంతా ఆ పొరలోనే ఉంటుంది. రియల్‌టెక్ డ్రైవర్ ఆర్‌టీడబ్ల్యూ88 సంగతే చూడండి: ర్యామ్ 4 జీబీ దాటిన మెషీన్లో ప్యాకెట్ బఫర్ (నెట్ డేటా కాసేపు ఉంచే మెమరీ) వైఫై చిప్‌కి అందని అడ్రస్‌లో పడితే డ్రైవర్ మొరాయిస్తుంది. బూట్ సెట్టింగుల్లో లినక్స్‌కేపీఐ మెమరీ లిమిట్ 1 అని పెట్టి రీబూట్ చేయాలి. చాలామంది కార్డు పోయిందనుకుని వదిలేసేది ఇక్కడే, నాకు బాధగా ఉంటుంది.

ఇంకోటి, లినక్స్ నుంచి కోడ్ తెచ్చే ముందు ఫైల్లో లైసెన్సు రాసుండే మొదటి లైను చదవండి. ఈ రెండు డ్రైవర్లకీ జీపీఎల్‌తో (మార్చి పంచితే కోడ్ కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలనే లైసెన్సుతో) పాటు, షరతులు తక్కువుండే బీఎస్‌డీ లైసెన్సు కూడా ఉంది కాబట్టే తీసుకోగలిగారు. ఉట్టి జీపీఎల్ అయితే ముందు గ్రూపులో అడగండి.

వచ్చేవాళ్లు మెషీన్లో ఏ కార్డులున్నాయో చూపించే పీసీఐకాన్ఫ్ కమాండ్ అవుట్‌పుట్ సేవ్ చేసి తెండి. వైఫై లేచేదాకా నెట్‌కి ఫోన్, యూఎస్‌బీ కేబుల్ మర్చిపోవద్దు. శ్రీకాకుళం నుంచి వచ్చే తమ్ముళ్లు ముందే చెప్తే భోజనాలు చూస్తాను.